తడి వస్తువు తూచరాదు

మా ముత్తాతగారు అప్పలనృసింహరాజుగారు గెడ్డవలస మొఖాసాదారులు, అంటే చిన్న జమీందార్లు. వారి కుమారులు జగన్నాథరాజుగారు మా తాతగారు. వారి కుమారులు నీలాద్రిరాజుగారు మా తండ్రిగారు. చీపురుపల్లికీ బొబ్బిలికీ నడుమ పన్నెండు ఊళ్లు మా కొలతకు కట్టుబడి ఉండేవి. మాటవరసకు అనడం లేదు. ఆ పన్నెండు ఊళ్లలో మా ముద్ర ఉన్న ఇత్తడి కుంచంతో తప్ప మరో కుంచంతో ధాన్యం కొలిస్తే చెల్లేది కాదు. పంట రోజుల్లో మా కొట్టు ముందు కొలగాడు నిలబడి, మొదటి కుంచాన్ని ఒకటి అనకుండా "లాభం" అని పాడి, ఆ తరువాత రెండు, మూడు అని లెక్క పెట్టేవాడట. ఆ పాట నేను వినలేదు. నేను పుట్టేసరికి పాట ఉండవలసిన చోట గబ్బిలాలు ఉన్నాయి.

మా ఇంటికి రెండు నియమాలు ఉండేవి. ఒకటి, తడి ధాన్యం కొలవరాదు. ఎండబెట్టి తెచ్చినదే కుంచంలో పడాలి. రెండు, ఇచ్చిన మాటా పెట్టిన సంతకమూ వెనక్కి తీసుకోరాదు. ఈ రెండో నియమం వల్ల మాకు కీర్తి వచ్చింది, ధాన్యం పోయింది. మా తాతగారి హయాంలో ఒక ఉత్సవానికి పొరుగు ఎస్టేటు ఏనుగును తీసుకువచ్చారు. తాతగారు సంతోషం పట్టలేక, "ఈ ఏనుగు ఇక్కడ ఉన్నన్నాళ్లూ మా గాదె తలుపు మూయము" అని నలుగురిలో అనేశారు. ఉత్సవం మూడు రోజులు. మావటివాడు తెలివైనవాడు. ఏనుగు తొమ్మిది నెలలు ఉంది.

తరువాత ప్రభుత్వం చట్టం చేసి ఎస్టేట్లు తీసేసుకుంది. మావరకు తీసుకోవడానికి ఏనుగు పెద్దగా మిగల్చలేదు.

పని అంటే ఏమిటి

నేను విజయనగరంలో రసాయనశాస్త్రం చదివి, అరవైల చివర చీపురుపల్లి దగ్గర మాంగనీసు రాయి కొనే ఒక కంపెనీ ప్రయోగశాలలో కెమిస్టుగా చేరాను. అక్కడే తల నెరిసింది. ఇప్పుడు ఆ పనిలోకి వస్తున్న పిల్లలు నన్ను అడుగుతుంటారు, ఏ పుస్తకం చదవాలని. పుస్తకాలు మీ దగ్గర నాకంటే ఎక్కువే ఉన్నాయి. నేను చేసిన ఒక తప్పు చెబుతాను. దాని విలువ పుస్తకాలన్నింటికంటే కాస్త ఎక్కువ.

పని చెప్పుకోవడానికి చిన్నదే. చుట్టుపక్కల గోతుల్లో తవ్విన నల్లరాయి లారీల్లో వస్తుంది. అందులో అసలు సరుకు నూటికి ఎంత ఉందో మేము తేల్చాలి. నలభై ఆరు దాటితే కొంటారు, దాటకపోతే యార్డులో ఓ మూలకు నెడతారు. ఒకే గోతి నుంచి వరుసగా మూడు లోడులు తప్పితే ఆ గోతి కాంట్రాక్టు రద్దు. చిన్న గొయ్యివాడికి మరో కంపెనీ దొరకదు. అంటే గొయ్యి మూతపడ్డట్టే.

తేల్చడం ఇలా. రాయిని పొడి చేసి, ఆక్జాలిక్ ఆమ్లంలో మరగబెడతాం. రాయి తనకు కావలసినంత ఆమ్లాన్ని తింటుంది. మిగిలినది ఎంతో ఊదారంగు పర్మాంగనేటుతో చుక్క చుక్కగా తేలుస్తాం. పెట్టినదాంట్లోంచి మిగిలినది తీసేస్తే తిన్నది వస్తుంది. తిన్నదాన్ని బట్టి రాయి ఎంత గొప్పదో తెలుస్తుంది. ఏనుగు విషయంలో మా తాతగారు ఈ లెక్క చేసి ఉంటే బాగుండేది.

ఇందులో ఒకటి గట్టిగా పట్టుకోండి. రాయి ఆమ్లాన్ని బరువు చూసి తినదు, తలలు లెక్కపెట్టి తింటుంది. ఒక అణువుకు ఒక అణువు. కానీ అణువుల్ని లెక్కపెట్టే కొలగాడు ఇంకా పుట్టలేదు. అందుకని బరువు తూచి, ఇంత బరువులో ఇన్ని తలలుంటాయని నమ్ముతాం. ఆ కట్టకు మా రోజుల్లో గ్రామ్ అణుభారం అనే పేరుండేది. కొత్త పుస్తకాల్లో మోల్ అంటున్నారు. ఒక మోల్ అంటే సుమారు ఆరు వేసి పక్కన ఇరవై మూడు సున్నాలు పెట్టినన్ని తలలు. ఏ దేశంలో తూచినా, ఎవరి తాతగారి ముద్ర ఉన్నా, అన్నే.

ఈ అంకె మొదట విన్నప్పుడు నేను మనసులో మా గాదెలతో పోల్చుకున్నాను. లెక్క వేశాను. మా పన్నెండు ఊళ్లూ సృష్టి మొదలైన నాటి నుంచి ఏటా మూడు పంటలు పండించినా ఒక్క మోల్ గింజలు రావు. దరిదాపులకు కూడా రావు. ఆ పూట భోజనం సరిగా చేయలేదు.

ఎంగిలి గొట్టం

ద్రావణాన్ని గాజుగొట్టంలోకి నోటితో పీల్చి, గీత దగ్గర వేలితో ఆపడం అప్పటి పద్ధతి. నాకది నచ్చలేదు. పదిమంది నోట పెట్టిన గొట్టం నేను నోట పెట్టడమా? నాకొక గొట్టం ప్రత్యేకించి, దానికి ఎర్రదారం కట్టాను. అది రాజుగారి గొట్టం. ఎవరూ ముట్టరు.

ప్రయోగశాల అటెండరు అప్పలనరసమ్మ. నలభై ఏళ్ల మనిషి, గాజుసామాను కడగడంలో ఆమెకు సాటి లేదు. బ్యూరెట్టు గొట్టం నుంచి చుక్కలు పడుతుంటే పక్కన నిలబడి "లాభం, రెండు, మూడు" అని లెక్కపెట్టేది. నేను వద్దనలేదు. నిజం చెప్పాలంటే వినసొంపుగా ఉండేది.

ఒకరోజు ఆమె దారం గొట్టం చేత్తో పట్టుకుని, "బాబూ, దీన్ని వేరేగా కడగాలా, మరి దీనికి మడి ఉన్నాదేటి?" అంది.

"వేరేగానే కడుగు."

"అలాగే. మరి లోపలికెల్లే మందు మటుకు అందరిదీ ఒకటే సీసాలోదే గదా బాబూ?"

నేను నా కుర్చీలో కూర్చున్నాను. ఆ టేకు కుర్చీ మా ఇంటి నుంచి తెచ్చుకున్నది. కంపెనీ స్టూలు మీద నేను కూర్చోలేదు. ఆమె అడిగిన ప్రశ్న చాలా పెద్దదని ఆ తరువాత తెలిసింది. గొట్టం ఎవరిదైనా, సీసాలో ఉన్నది తప్పయితే అందరికీ తప్పే.

గోడ మీద నియమం

రాయి అమ్మేవాళ్లలో కొందరు లోడు మీద నీళ్లు చల్లేవారు. తడి రాయి బరువు తూగుతుంది. అందుకని పరీక్షకు తెచ్చిన పొడిని ఓవెన్‌లో ఆరబెట్టి తూచాలని పుస్తకంలో ఉంది. ఇది చదవగానే నాకు పుట్టింటికి వచ్చినట్టయింది. మా కొట్టు నియమమే ఇక్కడా ఉంది! ఒక అట్ట తెచ్చి, మంచి దస్తూరీతో "తడి వస్తువు తూచరాదు" అని రాసి, కింద సంతకం చేసి, త్రాసు పైన గోడకు తగిలించాను. అప్పలనరసమ్మకు చదువు రాదు. నేనే పైకి చదివి వినిపించాను. రెండుసార్లు.

మినహాయింపు ఏమీ రాయలేదు. మినహాయింపులు రాసే అలవాటు మా ఇంట్లో లేదు.

ఓవెన్‌కు అప్పలనరసమ్మ పెట్టిన పేరు ఎండపెట్టె. వానాకాలం వచ్చిందంటే కంపెనీలో అందరికీ దానిమీద ప్రేమ పుట్టుకొచ్చేది. గుమాస్తా పొగాకు తెచ్చేవాడు. వాచ్‌మన్ భార్య అప్పడాలు పంపేది. మేనేజరు చలపతిరావుగారు కృష్ణా జిల్లా మనిషి, మా వానల బురద ఆయనకు గిట్టదు. ఆయన మేజోళ్లు పై అరలో శాశ్వత నివాసం ఉండేవి. మాంగనీసు పొడి గిన్నెల పక్కన మేజోళ్లు వేలాడుతుంటే నేను రెండుసార్లు అభ్యంతరం చెప్పాను. "వేడికి కులగోత్రాలేమిటండీ రాజుగారూ" అన్నారు ఆయన.

నాయుడి రాయికి జ్వరం

సత్యంనాయుడికి చీపురుపల్లి అవతల ఒక గొయ్యి ఉంది. యాభై దాటిన మనిషి. వాళ్ల పెద్దలు మా ఎస్టేటు రైతులు. ఆయన రాయి ఎప్పుడూ నలభై ఏడు. ఎక్కువ రాదు, తక్కువ రాదు.

ఆ వానాకాలం మొదట్లో ఆయన లోడు నలభై మూడు వచ్చింది. మళ్లీ చేశాను. నలభై మూడే. సంతకం పెట్టి పంపాను. పది రోజులకు రెండో లోడు. అదీ నలభై మూడే. నాయుడు గొడుగు ముడుచుకుంటూ ప్రయోగశాల గుమ్మంలోకి వచ్చాడు.

"ఏటి బాబూ, నలభై మూడా? ఆ గోతిలో రాయి ఎప్పుడూ నలభై ఏడే గదా. రాయికేటైనా జొరమొచ్చి సిక్కిపోనాదేటి?"

"రాయి సంగతి నాకు తెలియదు. పరీక్ష సంగతి తెలుసు."

"మీ తాతగారూ ఇదే మాటనీవోరట. గింజ సంగతి నాకు తెల్దు, కుంచం సంగతి తెలుసు అని."

"మా తాతగారి మాట ఎందుకు?"

"ఎందుకేటి బాబూ. మా తాత ఇంటికాడ పది కుంచాలు కొలిసి తెస్తే మీ కొట్టుకాడ తొమ్మిదయ్యీవి. ఇత్తనాలకి అప్పు అడగడానికొస్తే మీ కుంచం సిక్కిపొయ్యీది. కుంచాలు రెండున్నాయి బాబూ అని మా తాత మీ ఎస్టేటు కచేరీలో అంటే, నలుగురి ముందూ అబద్దాలకోరన్నారు. సచ్చీదాకా ఊల్లో ఆడికి అదే పేరు."

నేను లేచి నిలబడ్డాను. మా ఇంట్లో ఒకే కొలత ఉండేదని, ఈ మాట మరొకడు అని ఉంటే గుమ్మం దాటనిచ్చేవాణ్ణి కాదని చెప్పాను.

"మూడోది కూడా తప్పితే నాను గుమ్మం దాటనక్కర్నేదు బాబూ, గొయ్యే మూసుకుంటాను" అని ఆయన వానలోకి వెళ్లిపోయాడు. గొడుగు విప్పుకోవడం మరిచిపోయాడు.

శ్రుతి

ఆ వారమే శకుంతల అని కొత్త అసిస్టెంటు కెమిస్టు చేరింది. వాళ్ల నాన్నగారు బొబ్బిలిలో వీణలు చేస్తారు. వాల్తేరులో చదువుకుని వచ్చింది. ఆడపిల్ల ప్రయోగశాలకు రావడం మా దగ్గర అదే మొదలు. కూర్చోవడానికి ఏమివ్వాలో తెలియక చలపతిరావుగారు తన కుర్చీ పంపించారు, ఆయన రెండు రోజులు నిలబడి సంతకాలు చేశారు.

మా బీరువాలో ఒక పాత నమూనా సీసా ఉండేది. నాలుగు ప్రయోగశాలల్లో పరీక్షించి, నలభై ఎనిమిది అని ఖాయం చేసిన రాయిపొడి. అప్పుడప్పుడూ దాన్ని పరీక్షించి, నలభై ఎనిమిదే వస్తోందా అని చూసుకోవాలి. శకుంతల చేరిన రెండో రోజే, "సర్, పాత నమూనా ఒకసారి చూద్దామా?" అంది.

"నా చెయ్యి తప్పదమ్మా."

ఇది నా జీవితంలో నేను ఆడిన మాటలన్నింటిలో తెలివితక్కువది. తరువాతి స్థానం కోసం పోటీ ఉంది, మొదటి స్థానానికి లేదు. పిల్లలారా, మీ చెయ్యి ఎంత నిలకడగా ఉన్నా పాత నమూనాను వారానికొకసారి చూడండి. అది మిమ్మల్ని అనుమానించడం కాదు, అద్దం చూసుకోవడం.

నాయుడి మూడో లోడు వచ్చింది. నలభై మూడు చిల్లర. మరునాడు ఉదయం పది గంటలకు సంతకం పెట్టి మేనేజరుకు పంపాను. రద్దు కాగితం టైపు చేస్తున్న చప్పుడు మా గదికి వినిపించింది. నాయుణ్ణి మూడు గంటలకు వచ్చి అందుకోమని కబురు వెళ్లింది.

శకుంతల నా బల్ల దగ్గరికి వచ్చి నోటుబుక్కు తెరిచింది.

"సర్, మీ చెయ్యి తప్పలేదు."

"తెలుసు."

"అందుకే భయంగా ఉంది సర్. మీకు చెప్పకుండా నిన్న పాత నమూనా చేశాను. నలభై నాలుగు వచ్చింది. ఈవేళ మళ్లీ చేశాను. నలభై నాలుగే."

ఆమె పేజీ తిప్పింది. "మన కంపెనీ సొంత గోతి రాయి యాభై ఒకటి ఉండేది. ఈ నెలలో నలభై ఆరు ముప్పావు. గీత దాటింది కాబట్టి ఎవరూ చూడలేదు. పెద్ద అంకె పెద్దగా తగ్గింది, చిన్న అంకె చిన్నగా తగ్గింది. అన్నిటికీ పన్నెండో వంతే సర్."

"అయితే?"

"వీణ దగ్గర మా నాన్న అంటారు సర్. వాయించేవాడిది తప్పయితే ఒక్కచోట అపస్వరం పడుతుంది. ప్రతి స్వరమూ ఒకే పాలు దిగిందంటే వేళ్లను తిట్టకు, శ్రుతి చూడు అని."

ఈ మాటకు ముందు నేను ఎన్నో చదివాను, ఆ తరువాతా చదివాను. కొలత గురించి దీనికంటే మంచి మాట నాకు దొరకలేదు.

తోడపెళ్లికొడుకులు

మా శ్రుతి అంటే ఆక్జాలిక్ ఆమ్లం. మిగతావన్నీ దానితోనే సరిచూస్తాం. వానలు మొదలైనప్పుడు ఒక పెద్ద సీసాడు ద్రావణం చేసి పెట్టాను, ఈ మూడు లోడులూ దానితోనే తేల్చాను. త్రాసు చూశాం, బాగుంది. తూకపురాళ్లు చూశాం, బాగున్నాయి. ఫ్లాస్కు గీత చూశాం. చివరికి శకుంతల అప్పలనరసమ్మను పిలిచి, ఆక్జాలిక్ స్ఫటికాల సీసా చూపించింది. అప్పలనరసమ్మ దాన్ని పుల్లుప్పు అనేది.

"దీన్ని ఏమైనా చేశావా?"

"నానేటి సేస్తానమ్మా? ఎండబెట్టినాను."

"ఎందుకు?" అన్నాను.

"ఎందుకేటి బాబూ! గోడమీద రాసున్నాది గదా. తడి వస్తువు తూసరాదు. మీరే సదివినారు, రెండుసార్లు."

"అది తడిగా ఉందని నీకెవరు చెప్పారు?"

"మీరే. సీసా మీద కాయితం సదివి, దీన్లో రెండు నీల్లున్నాయి అని కొత్తగా వచ్చిన గుమాస్తాకి గొప్పగా సెప్పినారు. మరి నీల్లుంటే తడే గదా."

ఈ తర్కంలో తప్పు ఎక్కడుందో చూపించండి. నేను ఇప్పటికీ చూపించలేను.

"ఎంతసేపు పెట్టావు?"

"ఎంతోసేపు నేదు బాబూ. కిందరలో పెట్టి, అప్పడాలు కరకరలాడీదాకా ఉంచి తీసీసినాను. పైనరలో మేనేజరు బాబు మేజోల్లున్నాయి, దాని దరికెల్లనేదు."

ఆక్జాలిక్ స్ఫటికంలో ప్రతి అణువుకూ రెండు నీటి అణువులు కట్టుబడి ఉంటాయి. అది పైనబడిన తడి కాదు, దాని ఒంట్లో భాగం. నూట ఇరవై ఆరు గ్రాములు తూస్తే ఒక మోల్, అందులో ముప్పై ఆరు గ్రాములు ఆ నీళ్లే. ఆరబెడితే నీళ్లు కొన్ని ఎగిరిపోతాయి. ఆ తరువాత అదే బరువు తూస్తే ఆమ్లం తలలు ఎక్కువ వస్తాయి. సీసా మీద రాసుకున్న దానికంటే ద్రావణం చిక్కన. మా కొలతలన్నీ దానితోనే సరిచూస్తాం కాబట్టి ప్రతి రాయీ అదే పాలు తక్కువ తిన్నట్టు కనపడుతుంది.

నేను ఇదంతా అప్పలనరసమ్మకు పై మాటల్లోనే చెప్పాను. ఆమె మర్యాదగా విని, శకుంతల వైపు చూసింది. శకుంతల చెప్పింది:

"చూడు పిన్నీ, ఒక ఊరికి పెళ్లికొడుకులు వస్తున్నారు. ఒక్కొక్కడి పక్కన ఇద్దరేసి తోడపెళ్లికొడుకులు. మనకి పెళ్లికొడుకులు ఎంతమందో కావాలి, కానీ లెక్కపెట్టలేం, బళ్లకెత్తి తూచడమే. ఇన్ని మణుగులు తూగితే ఇంతమంది అని లెక్క. నువ్వేం చేశావు? దారిలో కొందరు తోడపెళ్లికొడుకుల్ని దింపేశావు."

అప్పలనరసమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. "అమ్మో! బండి బరువు అంతే ఉండాలంటే పెల్లికొడుకుల్నే ఎక్కువ ఎక్కించీయాల. పెల్లికొడుకులు ఎక్కువైపోనారు!"

"అదే."

"మరి అంతమందికి పెల్లికూతుల్లు ఎక్కడ దొరుకుతారమ్మా? సత్యంనాయుడి గోతిలో రాయి అంత లేదు గదా, మిగిలిపోతారు!"

ఆమెకు రసాయనశాస్త్రం మొత్తం అర్థమైపోయింది. నేను నాలుగేళ్లు చదివాను. ఆమె నాలుగు నిమిషాలు తీసుకుంది.

తరువాత ఆమె నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, "బాబూ, నా ఉజ్జోగం పోతాదేటి?" అంది.

సంతకం

మూత విప్పని కొత్త సీసా తీశాం. ఎవరూ దాన్ని ఆరబెట్టలేదు, నేను ఓవెన్‌కు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కొత్త ద్రావణం చేసి, పర్మాంగనేటును మళ్లీ సరిచూసి, ముందుగా పాత నమూనా చేశాం. నలభై ఎనిమిది. తరువాత, దాచి ఉంచిన నాయుడి మూడో లోడు పొడిని పరీక్షించాం. చివరి చుక్కలు అప్పలనరసమ్మే లెక్కపెట్టింది, మొదటిది "లాభం" అనకుండా భయంభయంగా "ఒకటి" అని మొదలుపెట్టింది. నలభై ఏడు వచ్చింది.

రెండున్నర అయింది. నేను కోటు వేసుకుని మేనేజరు గదికి వెళ్లాను. చలపతిరావుగారు చేతిలో ఒక మేజోడు పట్టుకుని చూసుకుంటున్నారు. పొద్దుట హడావుడిలో ఎవరూ వాటిని ఓవెన్‌లోంచి తీయలేదు. మేజోడు బల్ల మీద పెడితే కాలు లేకుండానే నిలబడింది.

"సత్యంనాయుడి మూడు రిపోర్టులూ తప్పు. వెనక్కి ఇవ్వండి. ఈ వానల్లో తేల్చిన మిగతా లోడులు కూడా మళ్లీ చూస్తాం" అన్నాను.

ఆయన మేజోడు పక్కకు జరిపారు. "సంతకం మీదే కదండీ?"

"నాదే."

"పెట్టిన సంతకం వెనక్కి తీసుకునే అలవాటు మీ వంశంలో లేదని మీరే నాకు వారానికోసారి చెబుతారు కదా?"

"ఏనుగు వచ్చిన రోజే మొదలుపెట్టవలసింది. ఆలస్యమయింది."

ఆయనకు ఏనుగు సంగతి తెలియదు. నా ముఖం చూసి అడగలేదు. కాగితాలు తీసి ఇస్తూ, "కారణం రాయాలి కదా. అటెండరు పొరపాటు అని రాసేయండి, సరిపోతుంది" అన్నారు.

మంచి మనిషే. మా ఉద్యోగాల్లో మంచివాళ్లు ఇలాంటి మాటలే తేలిగ్గా అనేస్తారు. కింద పనిచేసేవాళ్ల పొరపాటు అని రాయడానికి ఒక్క గీత చాలు, ఆ గీత కింద ఒక మనిషి తిండి పోతుంది. నేను ఇలా రాశాను: "మినహాయింపు లేని నియమము రాసి, దానిని అమలు చేయించి, పాత నమూనా చూడ నిరాకరించి, ఈ తప్పు నేను చేసితిని." కింద సంతకం పెట్టాను. రద్దు కాగితాన్ని చలపతిరావుగారే చింపారు. చింపాక ఆ ముక్కల్ని మేజోట్లో దోపారు, అది నిలువుగా ఉంది కాబట్టి.

నాయుడు వరండాలో బెంచీ చివర కూర్చుని ఉన్నాడు. కొత్త పంచె కట్టుకొచ్చాడు. కాంట్రాక్టు పోగొట్టుకోవడానికి కూడా మర్యాదగానే రావాలనుకున్నాడు కాబోలు. నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. మూడు లోడులూ కంపెనీ తీసుకుంటుందని చెప్పాను.

"అయితే నా రాయికి జొరం నేదన్నమాట."

"లేదు."

"జొరం మీ పుల్లుప్పుకొచ్చింది."

"నాకొచ్చింది నాయుడూ."

ఆయన లేచి, పంచె దులుపుకుని, రెండు మెట్లు దిగి ఆగాడు. "బాబూ, నా రాయిని మళ్లీ కొలిసినారు. అలాగే మా తాతని కూడా ఒక్కసారి కొలిసీండి. ఆ గాజుబుడ్డీతో మీ కుంచం కొలిసి సెప్పండి. ఆడు అబద్దాలకోరైతే అబద్దాలకోరనే సెప్పండి. మీ మాట నమ్ముతాను."

రెండు కుంచాలు

మా ఇంట్లో కుంచాలు నిజానికి రెండు ఉండేవి. ఒకటి పాడైతే వాడుకోవడానికి రెండోదని నేను అనుకునేవాణ్ణి. రెండూ ఒకే పోత, ఒకే ముద్ర, అంచు చుట్టూ ఒకే తీగ. పక్కపక్కన పెడితే మా అమ్మగారు కూడా ఏది ఏదో చెప్పలేకపోయారు.

ఆదివారం వాటిని సంచిలో వేసుకుని ప్రయోగశాలకు తెచ్చాను. శకుంతల వస్తానంది, వద్దన్నాను. వచ్చింది. నాయుడు వచ్చాడు. అప్పలనరసమ్మను ఎవరూ పిలవలేదు, ఆమె అందరికంటే ముందే వచ్చి కూర్చుంది. లీటరు ఫ్లాస్కుతో నీళ్లు కొలిచి ముందు ఒకదాన్ని అంచుదాకా నింపాను. ఖాళీ చేసి తుడిచి, రెండోదాన్ని నింపాను. మళ్లీ మొదటిది. మళ్లీ రెండోది. ఎవరి చెయ్యీ తప్పలేదు.

తరువాత లోపల వేలు పెట్టి చూశాను. ఒకదాని అడుగు కిందికి ఉబ్బి ఉంది. రెండోదాని అడుగు పైకి లేచి ఉంది. కంచరి సుత్తి జాడలు వేలికి తెలుస్తున్నాయి.

రెండింటికీ తేడా ఎంతో ఇక్కడ రాయను. నాయుడికి తెల్లకాగితం మీద అంకెలతో సహా రాసి, మీ తాతగారు చెప్పింది నిజమని కింద ఒక వాక్యం చేర్చి, సంతకం పెట్టి ఇచ్చాను. ఆ సంతకం వెనక్కి తీసుకోలేదు. ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి, కొత్త పంచె మొలలో దోపుకుని, "ఊల్లో సదివిస్తాను బాబూ, కోప్పడకండి" అన్నాడు. కోప్పడలేదు. ఆ వారం వాళ్ల ఊరి మీదుగా వెళ్లకుండా చుట్టు తిరిగి బస్సెక్కాను. అది వేరే సంగతి.

గోడ మీద నా అట్టను తీసేయాలనుకున్నాను. శకుంతల తీయనివ్వలేదు. నా సంతకం పైన ఉన్న కాస్త చోటులో తన చిన్న దస్తూరీతో ఒక వాక్యం ఇరికించింది: "నీళ్లు దాని సొంతమైతే ముట్టుకోరాదు." ఎర్రదారం నేనే విప్పేశాను. చలపతిరావుగారు మేజోళ్లు మానేసి చెప్పుల్లోకి మారారు.

మరుసటి ఏడాది వానలకు మా ఇంటి వెనకభాగం కప్పు కూలింది. బాగుచేయించడానికి ఇత్తడి సామాను అమ్మవలసి వచ్చింది. కుంచాలు రెండూ విజయనగరంలో ఒక ఇత్తడి వర్తకుడికి తూకానికి ఇచ్చేశాము. ఆయన త్రాసులో ఒక పళ్లెంలో ఒకటి, రెండో పళ్లెంలో ఒకటి పెట్టి చూశాడు. రెండూ సమానంగా తూగాయి.